శయనమూర్తి ఉద్యోగం

ఇంట్లో ఆఫీసు పెట్టుకోవాలంటే ముందు ఖాళీ చోటు వెతకాలంటారు. మా నంద్యాల ఇంట్లో ప్రతి మూలకూ ఇదివరకే ఒక హక్కుదారు ఉన్నారు. హాలు మా నాయనది, టీవీతో సహా. వంటింటి పక్క గది బియ్యం బస్తాలది. సోనా బియ్యం పండే ఊళ్ళో ఉంటూ కిలోల లెక్కన కొనడం పరువు తక్కువని అమ్మ నమ్మకం, అందుకే ఏడాది తిండి ఒక్కసారే దించుతుంది. దేవుడి గది దేవుడిది. మిద్దె మీద ఒక గది ఖాళీగా ఉండేది గానీ దాని మీద హక్కు సూర్యుడిది. ఎండాకాలంలో నలభై అయిదు డిగ్రీలు దాటడం నంద్యాలకు వింత కాదు. ఆ గదిలో మధ్యాహ్నం పూట నిలిచి పనిచేయగలిగేవి వడియాలు మాత్రమే.

2020 మార్చిలో, రైళ్ళు ఆగిపోవడానికి కాస్త ముందు, నేను బెంగళూరు నుంచి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చి దిగాను. తర్వాత ఇంట్లో కరువైంది అదొక్కటే. చోటు దొరక్క మంచం మీదే ఉద్యోగం మొదలుపెట్టాను. రెండు దిండ్లు వీపు కింద, ఒకటి ఒళ్ళో, దాని మీద లాప్‌టాప్. నాయన గుమ్మంలో నిలబడి చూసి, “ఇంజనీరింగు సదివింది పండుకోడానికేనా?” అని వెళ్ళిపోయాడు.

ఇల్లే ఆఫీసు కావడం మన ఊళ్ళకు కొత్తేమీ కాదు. పాత కరణాలంతా చేసింది అదే కదా! పంచలో చాప, ముందు ఏటవాలు మూత ఉన్న రాతపెట్టె, పక్కన గుడ్డలో కట్టిన దస్త్రాలు. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ వ్యవస్థను రద్దు చేసేదాకా ఊరి లెక్కంతా ఆ చాప మీదే తేలేది. “ఎట్లాగూ ఇంట్లోనే ఉన్నావు కదా, పోయి కరివేపాకు పట్టుకురా” అని కరణాన్ని అన్న మనిషి గురించి నేను వినలేదు. ఆయన కలం కింద ఊరందరి పొలాలూ ఉండేవి. నా చేతి కింద ఉన్నది ఎక్కడో అమెరికాలో ఒక బీమా కంపెనీ వెబ్‌సైటు, అందులో ఒక బటను నీలంగా ఉండాలా ఆకుపచ్చగా ఉండాలా అన్న సమస్య. కరివేపాకు నేనే తెచ్చేవాణ్ణి.

1973 ప్రాంతంలో అమెరికాలో జాక్ నిల్స్ అనే ఇంజనీరు ఒక ఆలోచన చేశాడు: మనుషులు పని దగ్గరికి పోయేబదులు పనినే మనుషుల దగ్గరికి పంపితే ఎట్లా ఉంటుందని. ఈ దూరపు ఉద్యోగాలకు ఆయన్నే మూలపురుషుడంటారు. కానీ ఆయన అప్పట్లో పరీక్షించి చూసింది ఉద్యోగుల ఇళ్ళకు దగ్గర్లో చిన్న చిన్న ఆఫీసులు పెట్టడం. సరాసరి ఇంట్లోనే పెట్టమనలేదు. ఆయనకు ఇల్లూ పిల్లలూ ఉండే ఉంటారు.

మంచం మీద వీపు పట్టేశాక వంటింటి గుమ్మం పక్కకు మారాను. వైఫై అక్కడ బాగుంది, అమ్మకు నేనూ బాగా అందుబాటులో ఉన్నాను. “మీటింగులో ఉన్నానమ్మా” అంటే, “మాట్లాడేది వాళ్ళు గదా, నీ చేతులు ఖాళీనే గదా” అని అనపకాయల చాట ముందు పెట్టేది. మ్యూట్‌లో ఉన్న మగవాడు అమ్మ లెక్కలో పనిలేని మగవాడు. నేను సెలవు పెట్టిన రోజున అనపకాయలు ఒలిచేవాళ్ళు లేక ఇబ్బంది పడిందట.

మా ఆవిడది ఆళ్ళగడ్డ. నలభై కిలోమీటర్ల పైచిలుకు, హైవే మీద ఎంతో సేపు పట్టదు. అత్తగారింట్లోనైనా అల్లుడి మర్యాదకు ఒక గది ఇస్తారని లాప్‌టాప్ సర్దుకొని పోయాను. గది ఇచ్చారు. దాని కిటికీ అవతల శిల్పాల షెడ్డు! ఆళ్ళగడ్డ అంటే తెలిసిందే, ఎక్కడెక్కడి గుళ్ళకో దేవుళ్ళు అక్కడి నుంచే లారీ ఎక్కి పోతారు. పొద్దున ఉలి, మధ్యాహ్నం కట్టరు, రోజంతా రాతిపొడి. నేను మ్యూట్ తీసిన ప్రతిసారీ మీటింగులో నా మాటకంటే ముందు సుత్తి దెబ్బ పడేది. మా మేనేజరు “మీ ఇంట్లో ఏదో కడుతున్నట్టున్నారే?” అని అడిగితే, “అవును సార్, ద్వారపాలకులు” అన్నాను. సెక్యూరిటీ గురించి నేనంత శ్రద్ధ తీసుకుంటున్నందుకు మెచ్చుకున్నాడు.

ఆ షెడ్డు ఆచారికి నేను ఊరి అల్లుణ్ణి. ఒకరోజు కిటికీలోంచి నా అవతారం చూసి నవ్వాడు.

“మా శాస్త్రంలో మూర్తులు మూడు రకాలు అల్లుడూ. నిలబడితే స్థానకం, కూచుంటే ఆసనం, పండుకుంటే శయనం. రంగనాథస్వామి తప్ప ఆ మూడోదాంట్లో ఉద్యోగం చేసినోణ్ణి నేను సూడ్లేదు.”

గది చాలక ఇట్లా అయ్యానని చెప్పుకున్నాను. ఆచారికి ఆ మాట నచ్చలేదు. “మన అహోబిలం సామిని సూడు. కారంజ నరసింహుడు కానుగ చెట్టు కింద కూచున్నాడు. ఛత్రవటంలో మర్రి కింద. ఎగువ అహోబిలంలో గుహలో. తొమ్మండుగురిలో ఒక్కరన్నా గది లేదన్నారా? హిరణ్యకశిపుని కేసు కూడా ఇంటా కాదు బయటా కాదు, గడప మీదే తెగింది. చోటుదేముంది, కూచునే కొలత కుదరాల.”

అని ఊరుకోలేదు, దారం తెచ్చాడు. విగ్రహానికి కొలత బయటి స్కేలుతో రాదట, ఆ మూర్తి ముఖంతోనే వస్తుందట. ముఖం పొడుగు ఒక తాళం, తాళానికి పన్నెండు అంగుళాలు (ఈ అంగుళం మన టేపులోది కాదు). నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, పాదాలు నేలకు పూర్తిగా ఆనించి, భుజాలు వదిలేసి మోచేతులు మడవమన్నాడు. నేల నుంచి మోచేయి దాకా దారం పట్టి ముడివేశాడు. “నీ బల్ల ఈడుండాల.” టేపు పెట్టి చూస్తే ఇరవై ఆరు అంగుళాలు. అంగళ్ళలో అమ్మే బల్లలు ఇరవై తొమ్మిది, ముప్పై ఉంటాయి. అంటే ఇన్నాళ్ళూ మనమంతా భుజాలు పైకెత్తుకొని, ఎవరో తిడతారన్నట్టు కూర్చొని టైపు కొడుతున్నాం.

తెర పై అంచు కంటి ఎత్తుకు రావాలని కూడా ఆచారే చెప్పాడు. అందుకని లాప్‌టాప్ కింద శబ్దరత్నాకరం పెట్టి, విడిగా ఒక కీబోర్డు కొన్నాను. ఆ నిఘంటువు మా ఇంట్లో అంత గట్టిగా అక్కరకొచ్చింది అదే మొదలు. వెలుతురు పక్కనుంచి పడితేనే చెక్కిన ముక్కూ మూతీ కనబడతాయన్నాడు. వెనక కిటికీ పెట్టుకుంటే కెమెరాలో మీరు ఇంకా చెక్కని రాయి. నాకు తెలిసి ఏ ఫర్నిచర్ అంగడిలోనూ ఇంత వివరంగా చెప్పరు, పైగా బిల్లు వేస్తారు. ఆచారి టీ తాగి ఊరుకున్నాడు.

నంద్యాల తిరిగొచ్చి మెట్ల కింద చోటు చూశాను. దాని హక్కుదార్లు పాత చెప్పులు, చెడిపోయిన కూలరు. వాటితో బేరం సులువు. బేతంచెర్ల నాపబండ ఒకటి తెప్పించి, ఇటుకల దిమ్మెల మీద సరిగ్గా ఇరవై ఆరు అంగుళాల ఎత్తున వేయించాను. ఎంత ఎండలోనూ చల్లగా ఉంటుంది. ఇక కరెంటు పోయినప్పటి సంగతి: రూటరు తాగేది పది పన్నెండు వాట్లు, లాప్‌టాప్ అరవై. ఈ రెండింటికే అయితే ఇంట్లో ఉండే నూటయాభై ఆంపియర్ అవర్ల ఇన్వర్టరు బ్యాటరీ మధ్యాహ్నమంతా లాగుతుంది. కష్టమల్లా టీవీని ఆ లైన్లోంచి తీయించడం. అందుకు నాయనతో జరిగిన చర్చలు ఇక్కడ రాయదగినవి కావు.

బండ వేసిన మర్నాడే అమ్మ దాని మీద జొన్నరొట్టెలు తట్టింది. ఇంత నున్నటి రాయి ఇంట్లో ఉంచుకొని పీట మీద తట్టడం ఏంటికని అడిగింది. చివరకు తొమ్మిదిన్నర దాకా రొట్టెలు, ఆ తర్వాత ఆఫీసు అని ఒప్పందం కుదిరింది. కీబోర్డులో అప్పుడప్పుడు జొన్నపిండి కనబడుతుంది, ఎవరూ మాట్లాడరు.

2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు, మహిళలకు ఇంటి నుంచి పనిచేసే అవకాశాలు పెంచుతామన్నారు. పేపర్లో చదివి మా ఆవిడకు వినిపించాను. “మాకు కొత్తగా ఇచ్చేదేముంది, పెండ్లయిన కాడి నుంచి అదే గదా” అని లోపలికి పోయింది. ఆ పూట టీ నేనే పెట్టాను.

మీరూ ఇంట్లో బల్ల వేయించుకునేట్టుంటే గది కోసం వెతకడం ఆపి, ముందు కుర్చీలో కూర్చొని మోచేతి ఎత్తు కొలిపించుకోండి. అద్దె ఇంట్లో ఉంటే మాత్రం చెక్క పలకే వాడండి. నాపబండ ఎత్తాలంటే నలుగురు మనుషులు కావాలి, ఇల్లు ఖాళీ చేసే రోజున ఆ నలుగురూ దొరకరు.