బడిలో రాజకీయాలు వద్దంటిరి, చిత్తం!

గౌరవనీయులైన పాఠశాల విద్యాశాఖ ఉన్నతాధికారి గారికి,

గురజాల పదో తరగతి విద్యార్థులు నమస్కరించి విన్నవించుకొనునది ఏమనగా,

పార్టీల గుర్తులు, విద్యార్థి సంఘాలు బడి గేటు దాటకూడదని 2025లో తమ శాఖ ఉత్తర్వు ఇచ్చింది. చిత్తం. కండువాతో ఎవరొచ్చినా గేటు దగ్గరే ఆపేస్తాం. ఎప్పుడో లోపలికి వచ్చేసిన వాటి సంగతేమిటో సెలవివ్వండి.

మేం ఐదో తరగతిలో ఉండగా జగనన్న విద్యాకానుక బ్యాగులిచ్చారు. ఇప్పుడవి సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర బ్యాగులు. జగనన్న గోరుముద్ద పోయి డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం వచ్చింది. మహనీయుల పేర్లే, సంతోషం. అయినా ప్రభుత్వం మారితే బ్యాగు మారుతుందని మాకు అర్థమైపోయింది. అప్పట్లో చిక్కీ కవరు మీద కూడా ముఖ్యమంత్రి గారి బొమ్మే. చిక్కీ తిని కవరు పారేసేలోపు రాష్ట్రాన్ని ఎవరు ఏలుతున్నారో కంఠతా వచ్చేసేది.

2025 నవంబరు 26న, రాజ్యాంగ దినోత్సవం నాడు, 175 మంది విద్యార్థులను అమరావతి పిలిపించి మాక్ అసెంబ్లీ నడిపించారు. ముఖ్యమంత్రి గారే కూర్చుని చూశారు. మా సాంఘికశాస్త్రంలోనూ 'రాజకీయ పార్టీలు' అని పాఠం ఉంది. నియోజకవర్గానికి ఒక్కరు మాట్లాడితే ప్రజాస్వామ్యం, మిగతా వాళ్లం పప్పు నీళ్లలా ఉందేమని అడిగితే మాత్రం రాజకీయమా?

మాది పల్నాటి యుద్ధం నాటి నలగామరాజు ఏలిన ఊరు. నాగమ్మ ఎత్తులు, బాలచంద్రుడి యుద్ధం ఉగ్గుపాలతో విన్నవాళ్లం. 2024 మే 13 పోలింగ్ గొడవల తర్వాత పల్నాడులో 144 సెక్షన్ పెట్టారు. వేసవి సెలవుల్లో తలుపులేసుకుని కూర్చుని మేం చదివిన పౌరశాస్త్రం అదే. మాటకు మాట చెప్పడం, ఓడినా ఊరుకోవడం బడిలో నేర్పకపోతే, కయ్యం నేర్పడానికి వీధిలో గురువులకు కొదవ లేదండీ.

కావున తమరు దయతలచి, క్లాస్ లీడర్‌ను మాస్టారు వేలుపెట్టి చూపించకుండా రహస్య ఓటుతో ఎన్నుకోనివ్వండి. నెలకో గంట మా ప్రశ్నలు విని, భోజనం గురించీ మరుగుదొడ్ల గురించీ రాతపూర్వకంగా జవాబిప్పించండి. జవాబు నచ్చకపోతే మళ్లీ అడుగుతాం, అంతే. బల్లలు విరగ్గొట్టం; అసలే అవి తక్కువ.

ఇట్లు,
తమ విధేయులు,
మూడేళ్లలో ఓటర్లు కాబోతున్న పదో తరగతి విద్యార్థులు,
గురజాల, పల్నాడు జిల్లా.