పడేయడానికి ఒక పాత బండి

మా రోజుల్లో సెకండ్ హ్యాండ్ బండి కొనడమంటే సగం పెళ్లిచూపులే. మహానంది నుంచి నంద్యాలకు ముగ్గురం పోయేవాళ్లం. కొనేవాడొకడు, మెకానిక్ ఒకడు, బేరం తెంచేవాడొకడు. ముందు ఇంజను మీద చెయ్యి పెట్టి చూడాలి. వెచ్చగా ఉందంటే అమ్మేవాడు పొద్దున్నే కిక్కు కొట్టి పెట్టినాడని లెక్క, అంటే చల్లటి బండి సులభంగా స్టార్టు కాదన్నమాట. రాజ్‌దూతైనా యెజ్డీ అయినా పెట్రోల్లో ఆయిలు కలపాల్సిన టూ స్ట్రోకులే, పొగ ఎట్లాగూ వస్తుంది. అందులో కలిపిన ఆయిలు పొగేది, సీలు పోయి గేరుబాక్సు ఆయిలు తాగుతున్న పొగేది అని వాసన పట్టి చెప్పేవాడే మెకానిక్.

మొన్న మా మనవడు "తాతా, నాతో రా, పాత బండి చూద్దాం" అన్నాడు. పొంగిపోయినా. మైలేజీ ఎంతిస్తుందిరా అంటే, "మైలేజీ ఎందుకు తాతా, వీలీ కొట్టడానికి" అన్నాడు. ముందు చక్రం గాల్లోకి లేపి వెనక చక్రం మీద పోవడమట. స్టాపీ అని ఇంకోటి, అందులో వెనకది లేస్తుంది. రెండు చక్రాలకు డబ్బులిచ్చి ఒకదాని మీద నడపడమేందిరా?

వాడి లెక్క విన్నాక మాత్రం కాసేపు నోరు మూతపడింది. నేర్చుకునేటప్పుడు బండి వంద సార్లు పడుతుంది కాబట్టి కొత్తది దండగ. మరీ బరువుంటే లేవదు. 150, 200 సీసీ పల్సరో అపాచీయో చాలు, విరిగిన సామాను నంద్యాల్లోనే దొరుకుతుంది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లకు ఏబీఎస్ తప్పనిసరి. ఎంత బ్రేకు పట్టినా అది చక్రాన్ని బిగుసుకోనివ్వదు, స్టాపీకి అడ్డం. అందుకే అంతకు ముందుదే కావాలట. వెనక స్ప్రాకెట్టుకు పళ్లు పెంచితే ముందు చక్రం తేలిగ్గా లేస్తుందట.

"మరి అన్నిటికంటే ముందు చూడాల్సిందేంది?"

"వెనక బ్రేకు తాతా. బండి మరీ లేచి వెనక్కి తిరగబడబోతే కాలితో అది తొక్కితేనే ముందు చక్రం దిగేది."

వెనక బ్రేకు చూసి మేమెప్పుడూ బండి కొన్లేదు. హారను చూసేవాళ్లం.

అయినా నా గొణుగుడు ఆగుతుందా! ఎగ్జిబిషనొస్తే చెక్కల బావిలో గోడ మీద ఒకడు చేతులొదిలి మోటారు సైకిలు తిప్పేవాడు, పైనుంచి మేం చాపిన నోటు అందుకుని పోయేవాడు. అది వాడి కూడు. వీడికి ఫోన్లో వీడియో. రోడ్డు మీద చేస్తే ప్రమాదకరంగా నడిపినందుకు 5,000 దాకా జరిమానా, ఏడాది దాకా జైలు ఉన్నాయిరా అన్నా. "రోడ్డెందుకు, ఖాళీ జాగా చూసుకున్నాం, హెల్మెట్టు, మోకాలి ప్యాడ్లు ముందే కొన్నా" అన్నాడు. బండి లేకముందే ప్యాడ్లు! మా మోకాళ్లకు పసుపే ప్యాడు.

సరేనని పోయినాం. వాడు కూర్చుని క్లచ్చు, కోన్ సెట్టు, ఫోర్కు వంకర, చాసిస్‌కు వెల్డింగు అన్నీ చూసినాడు. నాకేమో మూలనున్న యెజ్డీ మీదే కన్ను. గేరు రాడ్డునే తిప్పి కిక్కు కొట్టే ఆ ఏర్పాటు వీడికి చూపిద్దామనుకున్నా, మోకాలు ఒప్పుకోలేదు.

వాడు చూడనిదొకటి మిగిలింది. నా మొదటి రాజ్‌దూతును ఆరేళ్లు అమ్మినాయన పేరు మీదనే తిప్పినవాణ్ని నేను. 29, 30 ఫారాల మీద సంతకాలు ఎవరు పెడతారు, ఆర్‌సీ ఎవరి పేరున ఉందని షాపతన్ని అడిగినా.

అతను కుర్రాణ్ని పిలిచి మా ఇద్దరికీ టీ తెమ్మన్నాడు.