రింగు విప్పి దాచేయండి

పాతబస్తీ పిల్లలకు బాస్కెట్‌బాల్‌లో దాడి నేర్పాలంటే ముందు రింగు విప్పి ఇంట్లో దాచేయండి. నెల రోజులు దాని ఊసెత్తొద్దు. కళ్ల ముందు రింగుంటే పోరడి చూపంతా దాని మీదే. పక్కన ఖాళీగా నిలబడ్డ దోస్తు వాడికి కనబడడు. దాడికి దొరికేవి 24 సెకన్లు. ఒక్కడి చేతిలో బంతి ఉన్నంతసేపూ మిగతా నలుగురూ ఎటు కదులుతున్నారన్నదే అసలు చదువు.

తర్వాత డ్రిబ్లింగ్ మాన్పించండి. ఒక్క టప్పా కొట్టినా బంతి అవతలి జట్టుకే. ఇదేం తలకిందుల శిక్షణ అని తల్లిదండ్రులు గొడవకొస్తారు, రానివ్వండి. 1891లో జేమ్స్ నైస్మిత్ ఈ ఆటకు రాసిన 13 నియమాల ప్రకారం బంతి పట్టినవాడు పరుగెత్తకూడదు, పట్టిన చోటు నుంచే విసరాలి. అంత దూరం ఎందుకు? మన హైదరాబాద్ ఫుట్‌బాల్ గురువు సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ బడిపంతులు. డ్రిబ్లింగే లేని పోటీలు పెట్టారు. వాటం లేని కాలితోనే ఆడాలన్న పోటీలూ పెట్టారు. ఆయన తీర్చిదిద్దిన సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా 5 సార్లు రోవర్స్ కప్పు గెలిచింది. క్యాన్సర్ తినేస్తున్నా 1962లో జకార్తా వెళ్లి, మన జట్టుతో ఆసియా క్రీడల స్వర్ణం గెలిపించారు. మరుసటి ఏడాదే పోయారు. ఆ మనిషి పేరు తెలియని పిల్లాడికి బంతి ఇవ్వడం నాకిష్టం లేదు.

ఇక కుడిచెయ్యి. వారం పాటు దాన్ని చొక్కాలోకి దూర్చమనండి. అన్నం తినడం, రాయడం తప్ప అన్నీ ఎడమతోనే: తాళం తీయడం, బకెట్ మోయడం, దుకాణంలో డబ్బులివ్వడం. ఎడమచేత్తో ఇస్తావా అని నానమ్మలు తిడతారు. వెళ్లి కూర్చుని, వాళ్లిచ్చిన చాయ్ తాగి, నచ్చజెప్పి రండి.

కోర్టు దొరకలేదని ఆగొద్దు. శాలిబండ గల్లీ చాలు. అటు గోడ, ఇటు నిలబెట్టిన బండ్లు, మధ్యలో ముగ్గురికి ముగ్గురు. అంత ఇరుకులో సందు వెతుక్కున్నవాడికి కోర్టు మైదానంలా కనిపిస్తుంది. 12 ఏళ్లలోపు వాళ్లకు 5వ నంబరు బంతే ఇవ్వండి.

నెలయ్యాక రింగు బిగించిన రోజు ఒక నోట్‌బుక్ తెండి. బుట్టలో పడ్డ ప్రతి బంతికీ, వేసినవాడి పేరు కాదు, దాన్ని అందించినవాడి పేరు రాయండి. సాయంత్రం పిల్లల ముందు ఆ పేర్లే చదవండి.