ముక్క సీసాలోకి, మనిషి ఇంటికి

రెప్పపాటులో ముగిసే జీవితం తనదని చెబుతుంది ప్రోస్టేట్ బయాప్సీ సూది. స్ప్రింగ్ వదలగానే గ్రంథిలోకి దూసుకెళ్లి, దారప్పోగంత సన్నని ముక్కతో వెనక్కి వస్తుంది. 1980ల్లో స్వీడన్‌లో ఈ స్ప్రింగ్ పద్ధతి మొదలైంది. మొదట్లో ఆరు ముక్కలు తీసేవారు, తర్వాత పది, పన్నెండు అయ్యాయి. క్యాన్సర్ ఉందో లేదో తేల్చే సాక్ష్యం తానే తెస్తానని దానికి గర్వం.

ఒక్క మనిషికి వాడాక బ్రిటన్ ఆస్పత్రుల్లో దాన్ని పసుపుపచ్చ డబ్బాలో పడేస్తారు. అందుకు దానికి బాధ లేదు, పారేయాల్సిందే. తీసిన ముక్కకు ఫార్మలిన్ సీసా, పేరు రాసిన చీటీ, ల్యాబులో ఎదురుచూసే పెథాలజిస్టు. ఆ ముక్క ఇచ్చిన మనిషి బట్టలు సర్దుకుని ఇంటికెళ్తాడు. ఆయన ఎలా ఉన్నాడని ఎవరడుగుతారు? సూది బెంగంతా అదే.

బ్రిటన్‌లో కొందరు అడిగారు. మలద్వారం గుండా పది ముక్కలు తీయించుకున్న 1,147 మందిని 35 రోజులపాటు గమనించి, 2012లో ఫలితాలను బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. జవాబిచ్చినవాళ్లలో నూటికి 44 మందికి నొప్పి, 66 మందికి మూత్రంలో రక్తం, 37 మందికి మలంలో రక్తం. వీర్యంలో రక్తం చూసినవాళ్లు నూటికి 93 మంది! మొత్తం 1,147 మందిలో ఆస్పత్రిలో చేరాల్సి వచ్చింది 15 మందికే.

వీర్యంలో రక్తం సాధారణంగా హాని చేయదు, కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. ఆ మాట ముందే చెప్పకపోతే దాన్నే క్యాన్సర్‌కు రుజువనుకుంటాడు మగవాడు. భార్య దగ్గరకు వెళ్లడానికి జంకుతాడు, స్నేహితులతో అనలేడు, ఫలితం వచ్చేదాకా నిద్రపట్టదు.

మళ్లీ బయాప్సీ అంటే పెద్ద ఇబ్బందో, ఓ మోస్తరు ఇబ్బందో అన్నవాళ్లు పరీక్ష అయిన వెంటనే 10.9 శాతం. వారం తర్వాత 19.6 శాతం. నొప్పి, రక్తం, ఇన్ఫెక్షన్‌తో సతమతమైనవాళ్లే ఎక్కువగా వెనకాడారు. బల్ల మీద గడిచిన నిమిషాల కంటే ఇంట్లో గడిచిన వారమే వాళ్లను ఎక్కువ భయపెట్టింది.

జ్వరాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. పేగులోని సూక్ష్మజీవులు తన మొన వెంటే లోపలికి చేరతాయని సూదికి తెలుసు. చలిజ్వరం వస్తే ఆ పూటే ఆస్పత్రికి పరుగెత్తాలి. అందుకే ఇప్పుడు చాలాచోట్ల మలద్వారాన్ని వదిలి, దాని ముందున్న చర్మం గుండా సూదిని పంపుతున్నారు.

అసలు సూదే అక్కర్లేకపోయినవాళ్లూ ఉన్నారు. 2018లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనంలో ముందుగా ఎంఆర్‌ఐ స్కాన్‌కు కేటాయించిన 252 మందిలో 71 మందికి బయాప్సీయే చేయలేదు. ఆ 71 మందిని తలచుకుని సూది సంతోషిస్తుంది. మిగతావాళ్ల కోసం అది కోరేది రెండే: ఏ రక్తం ఎన్నాళ్లుంటుందో, జ్వరమొస్తే రాత్రిపూట ఎవరికి ఫోన్ చేయాలో రాసిన కాగితం చేతిలో పెట్టి పంపమని, వారం తిరిగేసరికి ఫోన్ చేసి ఎలా ఉన్నారని పలకరించమని.