బయసు పద్యం: టీకా తాత్పర్యం

మూలం (ఆటవెలది)

కొత్త యంత్రమొకటి గూటిలో నడువదే
బయసు లోన మీట పడెను గాన;
ఒరను రెండు కత్తు లొదుగునే? హైపర్వి
ఆపకున్న కూర్మమగును నడక.

అవతారిక: బరంపురంలో ఇంజినీరింగ్ చదివే తెలుగింటి కుర్రాడొకడు తన విండోస్ ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ వేసి, అందులో ఉబుంటు ఎక్కించబోయాడు. 'స్టార్ట్' నొక్కగానే వీటీ-ఎక్స్ లేదంటూ ఎర్రర్ వచ్చింది. చూడబోతే ప్రాక్టికల్స్ నెత్తిమీదకొచ్చాయి. "మావయ్యా, ఉబుంటు ఫైలే పాడయిందేమో" అని వాపోగా, తెలుగు పండితుడిగా రిటైరై ఈమధ్యే కంప్యూటరు మరిగిన మేనమామ ఇట్లనుచున్నాడు.

ప్రతిపదార్థం: కొత్త యంత్రము = వర్చువల్ మెషిను; ఒకటి = ఒక్కటే (రెండోదానికి ర్యామ్ చాలదని భావం); గూటిలో = హోస్టు అనబడు విండోస్‌లో; నడువదే = కదలదు కదా; బయసు లోన = బయాస్ సెట్టింగులలో; మీట = వర్చువలైజేషన్ స్విచ్చి; పడెను గాన = ఆఫ్‌లో ఉన్నందున. తక్కినది స్పష్టం.

తాత్పర్యం: తప్పు అతిథిది కాదు, ఇంటిది. ఉబుంటును ఎన్నిసార్లు తీసి వేసినా ఫలం సున్న. టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్ తెరచి, సీపీయూ కింద 'వర్చువలైజేషన్' ఎదుట ఏముందో చూడాలి. 'డిసేబుల్డ్' అని ఉంటే రీస్టార్ట్ చేసి, కంపెనీని బట్టి ఎఫ్2, ఎఫ్10, డిలీట్‌లలో ఏదో ఒకటి నొక్కి బయాస్‌లో దూరి మీట లేపాలి. ఇంటెల్ ప్రాసెసరులో దాని పేరు వీటీ-ఎక్స్, ఏఎండీలో ఎస్‌వీఎం. వర్చువల్‌బాక్స్ జాబితాలో 32 బిట్ల రకాలే కనబడి 64 బిట్లవి మాయమైనా అనుమానించాల్సింది ఈ మీటనే.

పూర్వపక్షం: 1999 నాటి వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ఈ మీట లేకుండానే నడిచిందే?

సమాధానం: నడిచింది. ప్రాసెసరు ఒప్పుకోని ఆదేశాలను అది అప్పటికప్పుడు తిరగరాసుకునేది. ఇంటెల్ వీటీ-ఎక్స్‌ను తెచ్చింది 2005లో. వర్చువల్‌బాక్స్ కూడా పాత పద్ధతిని 6.1 నుంచి విడిచిపెట్టింది. కాబట్టి ఇప్పుడు మీటే శరణ్యం.

'హైపర్వి ఆపకున్న': 'హైపర్విని' అనవలసిన చోట కవి ప్రథమా విభక్తి వాడాడు. జడాలకు చిన్నయసూరి ఇచ్చిన వెసులుబాటే ఇది. కానీ విండోస్ సొంత వర్చువలైజరైన హైపర్-వీ జడమా? మనం పిలవకపోయినా, విండోస్‌లో లినక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్2తోనో, మెమరీ ఇంటెగ్రిటీతోనో వచ్చి ప్రాసెసరు పక్కన పీట వేసుకు కూర్చుంటుంది. విండోస్ ఫీచర్లలో దాని టిక్కులు తీసి, విండోస్ సెక్యూరిటీలో మెమరీ ఇంటెగ్రిటీ ఆపి రీస్టార్ట్ చేస్తే సరి. అప్పుడు డబ్ల్యూఎస్‌ఎల్2 మూగబోతుంది. మెమరీ ఇంటెగ్రిటీ ఆపితే కాపలావాణ్ణి పంపేసినట్టే. ఈ నష్టం పద్యంలో చెప్పకపోవడం కవి దోషమనే నా అభిప్రాయం.

'కూర్మము': దీన్ని రూపకమని పొరబడరాదు; శుద్ధ స్వభావోక్తి. వర్చువల్‌బాక్స్ 6.0 నుంచి హైపర్-వీ మీదే ఎలాగోలా నడుస్తుంది. అలా నడిచేటప్పుడు కిటికీ అడుగున నిజంగానే ఆకుపచ్చ తాబేలు బొమ్మ వెలుస్తుంది.

విశేషం: 'గూటిలో' అన్న మాటకు బరంపురం వాళ్లు మరో అర్థం లాగుతారు. మూలంలో లేనిది రాయనన్న మల్లినాథుడు క్షమించుగాక. నడుస్తున్న యంత్రాన్ని ఆపకుండానే ఒక హోస్టు నుంచి మరో హోస్టుకు తరలించే విద్య సర్వర్లలో ఉంది. లోపలి ప్రోగ్రాములకు సంగతే తెలియదు. 1936 ఏప్రిల్ 1న బరంపురానికి జరిగింది అదే. రాత్రి మద్రాసు ప్రెసిడెన్సీలో పడుకున్న ఊరు తెల్లారేసరికి ఒరిస్సాలో లేచింది. కూతవేటు దూరంలోని ఇచ్ఛాపురం మాత్రం పాత హోస్టులోనే ఉండిపోయింది.

ఉత్తరకథ: మీట లేచింది, తాబేలు పోయింది, ఉబుంటు లేచింది. తీరా చూస్తే తెర అగ్గిపెట్టెంత. దీనికొక సీసం చెబుతానని మావయ్య గొంతు సవరించుకునేలోపు, మేనల్లుడు తెరను సరిచేసే గెస్ట్ అడిషన్స్ సీడీ తగిలించేసుకున్నాడు.