లైటు పట్టే ఉద్యోగం

ఇంట్లో రిపేరు ఇద్దరి పని. ఒకరు విప్పుతారు, ఇంకొకరు లైటు పడతారు. విప్పేవాళ్ల కోసం వీడియోలు కావలసినన్ని ఉన్నాయి. ఫోను అద్దం ఎలా ఊడదియ్యాలి, కారు బ్యాటరీ ఎలా దించాలి, ఏ మర ఎటు తిప్పాలి, అన్నీ చూపిస్తారు. లైటు పట్టేవాడు నీడ పడకుండా మెడ ఎటు వంచాలి, ఊపిరి ఎప్పుడు బిగబట్టాలి, దోమ కుడితే ఏ కాలితో గోక్కోవాలి అన్నది మాత్రం ఒక్కరూ చెప్పరు. ఈ శాఖలో నాకు చాలాకాలం సర్వీసు ఉంది కనక ఈ నాలుగు మాటలు.

మా ఇంట్లో విప్పేది మా ఆవిడ. మా మామగారు విజయవాడ ఆటోనగర్‌లో లారీ మెకానిక్. పెళ్లిచూపుల్లో ఆయన నా జీతం అడగలేదు. "బాబూ, స్టెప్నీ మార్చడం వచ్చా?" అనడిగారు. ఇంటర్ కాలేజీలో తెలుగు చెప్పేవాణ్ని, ఏమంటాను? "ఛందస్సు వచ్చండీ" అన్నాను. ఆయన కాసేపు పైకప్పు వంక చూసి, "పోన్లెండి, అమ్మాయికి వచ్చుగా" అన్నారు. సంబంధం ఖాయమైంది.

అమ్మాయికి రావడం కూడా ఊరికే రాలేదు. ఆయన కూతుర్ని కూచోబెట్టి పాఠాలేమీ చెప్పలేదట. షెడ్డులో కరెంటు పోయినప్పుడల్లా లైటు పట్టమనేవారు, అంతే. టెన్త్ అయ్యేదాకా లైటు పట్టాక ఒకరోజు చేతికి పానా ఇచ్చారు. అందుకే నేనెప్పుడైనా ప్రమోషన్ మాట ఎత్తితే, "మీరింకా కొత్తండీ, తొందరపడకండి" అంటుంది. మా పెద్దమ్మాయి డిగ్రీ చదువుతోంది.

కిందటి వేసవిలో నా ఫోను మెట్ల మీద తన దారి తాను చూసుకుంది. పైనుంచి సగం నలుపు, మిగతా సగం ఆకుపచ్చ గీతలు. టచ్ పోయింది. అద్దం పగిలిన ఫోను పూర్తిగా చావదు, అదే దాని దుర్మార్గం. ఫోన్లు వస్తాయి, ఎత్తలేం. తెల్లవారుజామున అలారం మోగుతుంది, ఆపలేం. పక్కనున్న వాల్యూం బటన్ నొక్కితే కాసేపు ఊరుకుని, మనం మళ్లీ నిద్రలోకి జారగానే మోగుతుంది. ఇక డబ్బంతా అందులోనే. ఓటీపీ వచ్చేదీ అందులోకే.

మా అమ్మాయి ఒక ఉపాయం చెప్పింది. ఆండ్రాయిడ్ ఫోనుకు ఓటీజీ అనే చిన్న ముక్క తగిలించి దానికి కంప్యూటర్ మౌసు పెడితే తెర మీద బాణం వస్తుంది, టచ్ లేకపోయినా నొక్కొచ్చు. నిజంగానే వచ్చింది. సరూర్‌నగర్ రైతుబజార్లో వంకాయల గుట్ట పక్కన మౌసు జరుపుతూ, వెలుగుతున్న సగం తెరలో అంకెలు వెతుక్కుంటూ నలభై రూపాయలు కట్టాను. "ఏంది సార్, కూరగాయలకు కూడా కంప్యూటర్ తెస్తున్నరా?" అంది వంకాయలమ్మే ఆవిడ. వెనక నిలబడ్డ వాళ్లు నన్ను ఐటీ వాడనుకుని దారి ఇచ్చారు.

సర్వీస్ సెంటర్లో కొత్త డిస్‌ప్లేకి చెప్పిన ధర ఫోను ఖరీదులో సగం దాటింది. పగిలింది పైనున్న అద్దమేగా, అదొక్కటీ మార్చమన్నాను. కుదరదు. పై అద్దం, దాని కింద టచ్, ఆ కింద బొమ్మ కనిపించే పొర, ఈ మూడింటినీ పారదర్శకమైన జిగురుతో ఒకే పలకగా అతికిస్తారు. అద్దాన్ని మాత్రం విడదీయాలంటే వేడి పలక, సన్నటి తీగ, మళ్లీ అతికించేటప్పుడు గాలి బుడగలు పీల్చే యంత్రం కావాలి. అందుకే అన్నీ కలిపి మారుస్తారు. రిపేరు షాపుల్లో దాన్నే కాంబో అంటారు. మా ఆవిడ ఇదంతా విని, "ఆదివారం మీకేం పనుందండీ?" అంది. ఆ ప్రశ్న వినగానే నా కుడి చెయ్యి దానంతటదే టార్చి పట్టుకున్న భంగిమలోకి వచ్చింది.

కాంబో కోసం ఆబిడ్స్ జగదీష్ మార్కెట్‌కి వెళ్లాం. హైదరాబాదులో ఫోను ముక్కలకి అదే పెద్ద సంత. కొట్టతను నన్ను చూసి, "ఒరిజినలా, కాపీనా సార్?" అన్నాడు. "కాపీ ఓఎల్‌ఈడీనా, ఎల్‌సీడీనా?" అని మా ఆవిడ అడిగింది. "ఎల్‌సీడీ సార్" అని నాకు చెప్పాడు. "అయితే తెర కింది ఫింగర్‌ప్రింట్ పనిచెయ్యదుగా?" అంది. "చెయ్యదు సార్" అన్నాడు, నన్నే చూస్తూ. ఆమె అడగడం, అతను నాకు జవాబివ్వడం. ఈ మూడుముక్కలాటలో నా వంతు తల ఊపడం. చివరికి ఒరిజినలే తీసుకుని, అక్కడే తగిలించి వెలిగించి చూపించమంది. చూపించాడు, నాకే.

ఆదివారం మధ్యాహ్నం మొదలైంది. మొదటి ఆజ్ఞ: "ఫ్యాన్ కట్టండి." మే నెల, హైదరాబాదు. బియ్యపు గింజలో పావు వంతుండే మరలకు ఫ్యాన్ గాలి పడదట. మా అమ్మాయి హెయిర్ డ్రైయర్ నా ఎడమచేతికి, టార్చి కుడిచేతికి వచ్చాయి. వెనక మూత అంచులు వేడి చేస్తే జిగురు మెత్తబడుతుంది. అప్పుడు సన్నటి ప్లాస్టిక్ ముక్క లోపలికి దూర్చి చుట్టూ తిప్పాలి. ఇనుప చాకు వాడకూడదు. లోపల లిథియం బ్యాటరీ ఉంటుంది, దానికి గాటు పడితే పొగ, ఆ తర్వాత మంట. ఉబ్బిన బ్యాటరీ కనిపించిందంటే మా ఆవిడ కూడా చెయ్యి పెట్టదు, మూత మూసి షాపుకు పంపేస్తుంది.

మరలన్నీ ఒకే పొడవు కాదు. పొట్టి మర చోట పొడుగు మర బిగిస్తే అది కింది బోర్డులోకి దిగి, అద్దం కోసం మొదలెట్టిన రిపేరు ఫోనుకే చివరిదవుతుంది. అందుకని ఒక కాగితం మీద ఫోను బొమ్మ గీసి, రెండువైపులా అంటుకునే టేపు వేసి, తీసిన మర తీసిన చోటే అంటిస్తుంది. మొదట పీకేది బ్యాటరీ కనెక్టరు. ఆ తర్వాతే మిగతావి.

అంతా సజావుగా సాగుతుండగా మా అమ్మ చీపురుతో ప్రవేశించింది. "ఏంటర్రా ఈ నలకలు?" అంటూ ఒక్క ఊపు ఊపింది. కాగితం నిలబడింది గానీ అప్పుడే తీసిన మర ఒకటి చెత్తలో కలిసింది. మా ఆవిడ ఏమీ అనలేదు. లేచి వెళ్లి ఫ్రిజ్ మీదున్న తిరుపతి వెంకన్న అయస్కాంతం బొమ్మ తెచ్చి చేటలో తిప్పింది. స్వామివారి వీపుకి మర అంటుకుని వచ్చింది. "చూశావా, ఆయన్ని తలుచుకుంటే దొరకనిది ఉంటుందా?" అని అమ్మ ఆ ఘనత తీసుకుని వెళ్లిపోయింది.

పాత తెర ఊడి, అంటుకున్న జిగురంతా స్పిరిటుతో తుడిచాక, కొత్తది అతికించకముందే తగిలించి ఒకసారి వెలిగించి చూసింది. అతికించాక పాడైందని తెలిస్తే మళ్లీ పీకేటప్పుడు తప్పకుండా పగులుతుందట. తర్వాత జిగురు, చుట్టూ మా అమ్మాయి జడ రబ్బర్లు. పైన కొంచెం బరువు పెట్టాలి. మా ఆవిడ నా పుస్తకాల బీరువా తెరిచి ఒక్కొక్కటీ చేత్తో తూచింది. సూర్యరాయాంధ్ర నిఘంటువు సంపుటం తీసి, "ఇది పెడితే కొత్తది కూడా పగులుతుంది" అని లోపల పెట్టింది. నా వచన కవితల పుస్తకం తీసింది. రెండుసార్లు పైకీ కిందకీ ఊపి చూసి, "ఇందులో బరువు లేదండీ" అంది. విమర్శకులు దాని మీద ఇంత సూటిగా రాయలేదు. చివరికి ఇంటర్ సెకండియర్ తెలుగు గైడు సరిపోయింది. మర్నాటికి ఫోను వెలిగింది. ఒకసారి విప్పాక పాత వాటర్‌ప్రూఫ్ బిగువు ఉండదు కాబట్టి వానలో బయటికి తియ్యొద్దని నాకు చెప్పింది. గైడు లోపల మాత్రం ఒక చదరం ఇప్పటికీ నొక్కుకుపోయి ఉంది, సంధులు మొదలయ్యే చోట.

కారు దగ్గర లైటు పట్టడం ఇంతకంటే గౌరవమైన పని, నిలబడి చెయ్యొచ్చు. ఓసారి విజయవాడ వెళ్తూ చౌటుప్పల్ దాటాక చీకటి పడే వేళ టైరు పంక్చరైంది. ఆమె హ్యాండ్ బ్రేక్ లాగి, గేరులో పెట్టి, చక్రం వెనక రాయి పెట్టించి, జాకీ ఎత్తకముందే నట్లు వదులు చేసింది. "నేల మీద వదులు చెయ్యి, గాల్లో ఊడదియ్యి" అన్నది మామగారి సూత్రం. చక్రం గాల్లో ఉండగా బలంగా తిప్పితే చక్రమూ తిరుగుతుంది, బండీ జాకీ మీంచి జారుతుంది. స్టెప్నీలో గాలి ఉంది. చాలామంది నాలుగు చక్రాలకూ గాలి కొట్టించి డిక్కీలో దాన్ని మర్చిపోతారు.

ఇంతలో ఒక లారీ ఆగింది. డ్రైవరు దిగి, కింద కూచుని పానా తిప్పుతున్న మనిషిని దాటుకుని నా దగ్గరికి వచ్చాడు. "అన్నా, నట్లు వరసగా బిగించకు, ఎదురెదురుగా బిగించు" అన్నాడు. నేను కిందికి వంగి ఆ మాట అందించాను. "ఎదురెదురుగానే బిగిస్తున్నానని చెప్పండి" అంది. అందించాను. "దించినాక ఇంకోసారి బిగించమను." అందించాను. "అలాగే, ఆయన లారీ వెనకాల ఎడమవైపు టైర్లో గాలి తక్కువుంది, చూసుకోమనండి." అదీ అందించాను. అతను వెళ్లి టైరు మీద రాడ్డుతో కొట్టి విన్నాడు, మళ్లీ కొట్టాడు. తిరిగొచ్చి తలపాగా తుండు తీసి, "థాంక్స్ అక్కా" అన్నాడు. నా మధ్యవర్తిత్వం అక్కడితో రద్దయింది.

ఇంజన్ ఆయిల్ చూసే రోజున అమ్మ కూడా సెల్లార్‌లోకి దిగుతుంది. బండి చదునైన చోట ఆపి, ఇంజన్ కట్టేసి కొన్ని నిమిషాలు ఆగాలి. పుల్ల తీసి, తుడిచి, మళ్లీ ముంచి తియ్యాలి. ఆయిల్ రెండు గీతల మధ్య ఉండాలి. "నిండా పొయ్యరాదూ, ఈ పిసినారితనం ఏంటే?" అంటుంది అమ్మ. పై గీత దాటితే లోపల తిరిగే క్రాంక్ దాన్ని చిలికి నురగ చేస్తుంది, నురగ వల్ల ఇంజన్‌కి జిడ్డు అందదు అని ఈమె చెబుతుంది. "చిలకనీ, వెన్న వస్తుందేమో" అని అమ్మ. తక్కువైతే పోయడం వరకే ఇంట్లో చేస్తుంది మా ఆవిడ. పాత ఆయిల్ దించి ఏ కాలవలో పొయ్యాలి, అందుకే ఆయిల్ మార్పిడి షాపుకే. బ్రేకుల జోలికి అసలు వెళ్లదు. వేడి రేడియేటర్ మూత దగ్గరికి నన్ను కూడా వెళ్లనివ్వదు.

బ్యాటరీ మాత్రం తనే చూస్తుంది. టెర్మినళ్ల మీద పేరుకున్న తెల్లటి పొడికి వేడినీళ్లు, వంట సోడా. బజ్జీల కోసం దాచిన సోడా అని అమ్మ గొడవ. ముందు నెగటివ్ విప్పాలి, బిగించేటప్పుడు చివర బిగించాలి. అలా కాక ముందు పాజిటివ్ మీద పానా పెడితే, అది పొరపాటున బాడీ ఇనుముకు తగిలిందంటే ఒకటే నిప్పులు. ఫోనైనా కారైనా ముందు కరెంటు తెంచడమే. కావలసింది పదో నంబరు పానా. సెట్టులో మిగతావన్నీ ఎప్పుడూ ఉంటాయి, పదోది ఉండదు. ఇది మా ఇంటి శాపం కాదు, ఏ మెకానిక్ షెడ్డులో అడిగినా ఇదే గోల. చివరిసారి మా దాన్ని పూజగదిలో పంచాంగం ఎగరకుండా పెట్టి ఉండగా పట్టుకున్నాం.

సంక్రాంతికి ఊరెళ్లి వచ్చేసరికి బ్యాటరీ పడుకుంది. పక్క కారు నుంచి కరెంటు ఇవ్వాలి. మూడో అంతస్తులో ఉండే, ఇరిగేషన్‌లో రిటైరైన ఇంజినీరు గారు కిందికి దిగి, "ఎర్రది ఎర్రదానికి, నల్లది నల్లదానికి, ఇందులో ఏముందండీ" అని నాతో అన్నారు. మా ఆవిడ చివరి నల్ల క్లిప్పుని మా బ్యాటరీకి కాకుండా దూరంగా ఇంజన్ ఇనుముకు పట్టించింది. "బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది అంకుల్, దాని పక్కన నిప్పురవ్వ పడకూడదు." ఇంజన్ అందుకుంది. ఆయన నా భుజం తట్టి, "నేనూ అదే చెప్పబోతున్నాను" అన్నారు.

నిన్న సాయంత్రం ఆయనే మా తలుపు కొట్టారు. చేతిలో పగిలిన ఫోను. "మీరు బాగా చేస్తారని అపార్టుమెంటంతా అంటున్నారు" అన్నారు నాతో. కాదని చెబుదామనుకున్నాను గానీ, పేరు ఊరికే వస్తుంటే ఎందుకు పోగొట్టుకోవాలి? ఫోను తీసుకుని, మోడల్ నంబరు రాసుకుని, అమ్మవారి బొట్టులా ఒక చీటీ అంటించి లోపల పెట్టాను. "మేడమ్ గారు ఆదివారం చూస్తారండీ. మధ్యాహ్నం మీరూ రావాలి. ఫ్యాన్ లేకుండా రెండు గంటలు కూచోగలరా?"