నేను చూడని గండి

నన్ను నిలబెట్టిన చోటు నుంచి పెద్దరోడ్డు కనిపించదు, వినిపిస్తుంది. మద్రాసు శివార్లలో పాడి దగ్గర మొదలై ఆవడి, తిరునిన్రవూరు, తిరువళ్ళూరు, తిరుత్తణి మీదుగా నగరి, పుత్తూరు, రేణిగుంట దాటి రాజంపేట, కడప, ఎర్రగుంట్ల తగులుతూ ముద్దనూరు దాకా పోయే రోడ్డు అది. ఇప్పుడు జాతీయ రహదారి 716 అంటున్నారు. నా రోజుల్లో రేణిగుంట దాకా అది 205. ఏ నంబరు వేసినా ఈ ఇంటివాళ్ళకు అది సొంతూరికి పోయే దారి. పెద్దాయన నాయన జమ్మలమడుగు పక్క పల్లె నుంచి రైల్వే పని మీద వచ్చి తిరునిన్రవూరులో స్థిరపడ్డారు. ముద్దనూరులో రోడ్డు దిగి కాస్త పోతే వాళ్ళ పాత ఊళ్ళు, ఇంకాస్త పోతే గండికోట.

నేను అంబాసిడర్ కారుని. మార్క్ 4. 1986లో బెంగాల్‌లో, హుగ్లీ ఒడ్డున ఉత్తరపారా ఫ్యాక్టరీలో తయారయ్యాను. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు మా వంశానికి మూలం. 1489 సీసీ పెట్రోలు ఇంజను, స్టీరింగు కింద గేరు కడ్డీ, ముందర ముగ్గురు కూర్చునే ఒకే పొడుగు సీటు. ఫ్యాక్టరీ సంగతులు ఇంతకు మించి చెప్పుకోదగ్గవి లేవు. 1998లో మా కంపెనీయే ఇక్కడ తిరువళ్ళూరు దగ్గర మిత్సుబిషి లాన్సర్లు తయారు చేయడం మొదలుపెట్టింది. ఆ నున్నటి కార్లు నా రోడ్డు మీదికే వచ్చేవి. పెద్దాయన వాటిని చూసి, "బాగుండాది గాని, అవ్వా పిల్లోళ్ళూ అందరం పట్టం" అనేవారు. ఆ మాట నేను చాలాకాలం దాచుకున్నాను.

మా చిన్న ప్రయాణాలన్నీ పడమటికే. ఆడికృత్తికకు తిరుత్తణి కొండ. కావడి మోసేవాళ్ళకు దారి వదులుతూ ఒకటో గేరులో గంటలకొద్దీ పాకాలి. అవ్వ పుట్టింది తిరుత్తణి పక్కనే. 1960 ఏప్రిల్ దాకా ఆ తాలూకా చిత్తూరు జిల్లాలో ఉండేది. తర్వాత మద్రాసు రాష్ట్రంలో కలిసింది. సరిహద్దు జరిగింది గాని అవ్వ చుట్టాలు జరగలేదు. ఒక పెళ్ళికి అటు, ఒక సీమంతానికి ఇటు, నేను ఆ గీతను ఎటు నుంచి ఎటు దాటుతున్నానో ఎప్పుడూ ఆలోచించలేదు.

తిరుత్తణి వదిలాక నగరి కొండలు మొదలవుతాయి. వాటిలో ముక్కులా ముందుకు పొడుచుకొచ్చిన శిఖరం ఒకటుంది. సముద్రం మీద వచ్చే ఓడలవాళ్ళు పూర్వం దాన్నే గుర్తుపెట్టుకుని మద్రాసు తీరం దగ్గరైందని తెలుసుకునేవాళ్ళట. వెనక సీట్లో పిల్లలకు అదొక పందెం.

"తాతా, ముక్కుకొండ! నేనే ముందు చూస్తి!"

"ఇంకా రాలేదు మే. అది వేరే కొండ."

ఆ కొండల మీద పడ్డ వాన నగరి ఏరై కిందికి దిగి, కుశస్థలితో కలిసి పూండి జలాశయం చేరుతుంది. మద్రాసుకు తాగునీళ్ళ కోసం 1944లో కట్టిన జలాశయం అది. నారాయణవనం వైపు తిరిగితే కైలాసకోన జలపాతం. పిల్లలు తడిసిన బట్టలతోనే నా సీట్ల మీద కూర్చునేవాళ్ళు. పెద్దాయన కోప్పడేవారు కాదు. ఇంటికొచ్చాక తలుపులన్నీ తెరిచి, సీట్లు ఊడదీసి ఎండబెట్టేవారు. ఒకసారి జారి పడి చిన్నోడి చెయ్యి విరిగితే అక్కడి నుంచి నేరుగా పుత్తూరుకు పోయి కట్టు కట్టించాం. ఆకుపసరు రాసి, వెదురుబద్దలు పెట్టి కట్టే ఆ కట్టు కోసం నాలాంటి బండ్లు మూడు రాష్ట్రాల నుంచి వచ్చి వరసలో నిలబడి ఉండేవి.

గండికోట ప్రయాణం వేరు. దానికి రెండు రోజుల ముందే గ్రీసు కొట్టించేవారు. నా ముందు చక్రాల కీళ్ళకు గ్రీసు అందకపోతే గుంత పడ్డప్పుడల్లా మూలుగుతాను. ఫ్యాన్ బెల్టు ఒకటి అదనంగా, పాయింట్లు రుద్దడానికి గరుకు కాగితం, డిక్కీలో నీళ్ళ క్యాను, ఒక పాత పంచె. ఆ పంచె పని చెప్పాలి. ఎండలో ఎక్కువసేపు నడిస్తే పంపులోనే పెట్రోలు ఆవిరై పోతుంది. ఇంజనుకు ఆహారం అందక ఆగిపోతాను. పంచె తడిపి పంపు మీద కప్పి పావుగంట చెట్టు కింద కూర్చుంటే మళ్ళీ లేస్తాను. మామండూరు అడవిలో, ఎర్రచందనం చెట్ల మధ్య అలా ఆగినప్పుడే అవ్వ పులిహోర పొట్లాలు విప్పేది. నేను ఆగడం వల్ల ఆ కుటుంబం చూసిన చోట్లు చాలా ఉన్నాయి. కోడూరు మామిడితోటలు, నందలూరు దగ్గర వెడల్పుగా ఇసుక పరుచుకున్న చెయ్యేరు, ఒంటిమిట్ట గోపురం, ఎర్రగుంట్ల చుట్టూ పేర్చిన నల్లటి నాపరాళ్ళు. ఆ చెయ్యేరు మీదే ఎగువన కట్టిన అన్నమయ్య ప్రాజెక్టు 2021 నవంబరులో తెగి పల్లెల్ని ముంచిందని విన్నప్పుడు, నాకు ఆ ఇసుకే గుర్తుకొచ్చింది.

జమ్మలమడుగు దాటాక దారి పైకి లేస్తుంది. అక్కడ నా సత్తువ తెలుస్తుంది. నిండా మనుషులు, క్యారియర్ మీద పరుపుచుట్టలు, కమాన్లు అడుగంటా అణిగిపోయి ఉన్నా రెండో గేరులో నింపాదిగా ఎక్కేదాన్ని. 1652లో తవెర్నియే అనే ఫ్రెంచి రత్నాల వ్యాపారి మద్రాసు నుంచి గండికోటకు వచ్చాడు, అప్పుడు అక్కడున్న మీర్ జుమ్లాను కలవడానికి. కోటకు ఎక్కే ఇరుకుదారిని, దాని పక్కన లోయను, అడుగున పారే నదిని చూసి బెదిరినట్టే రాశాడట. పెద్దాయన ఎక్కేటప్పుడల్లా ఆయన సంగతి చెప్పేవారు. అంతకుముందు ఆ కోటను ఏలిన పెమ్మసాని నాయకుల కథలు కూడా చెప్పేవారు. కోట వాకిలి వంపు తిరిగి ఉంటుంది, ఏనుగులతో తలుపు పగలగొట్టడానికి వేగం అందకుండా. ఆ వంపులో నా ఒళ్ళు రాయికి తగలకుండా తిప్పడం ఆయన ఒక్కడికే వచ్చు.

లోపల ఊరుంది. నన్ను అక్కడ, జామా మసీదుకు ఇవతల నిలిపేవారు. అందరూ దిగి ధాన్యాగారం పక్కగా, రంగనాథుడి గుడి వైపు నడిచిపోయేవాళ్ళు. ఆ తర్వాత రాళ్ళే. కారు పోయే దారి లేదు.

కాబట్టి నేను గండిని చూడలేదు. ఎన్నిసార్లు పోయినా చూడలేదు. తిరిగొచ్చిన వాళ్ళ మాటల్లో విన్నదే నాకున్నది. పెన్న ఎర్రమల కొండల్ని నిలువునా కోసుకుంటూ పోయిందట. కోట కింద నది వెడల్పు మూడు వందల అడుగులకు మించదట. రెండు వైపులా ఎర్రటి రాళ్ళు, ఎవరో పలకలు పలకలుగా కొట్టి ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు. ఆ రాతిని భూగర్భ శాస్త్రవేత్తలు ఆ ఊరి పేరుతోనే గండికోట క్వార్ట్‌జైట్ అంటారని, అది కొండలూ నదులూ పుట్టకముందు నీళ్ళ అడుగున పేరుకున్న ఇసుక అని బడిపంతులైన మేనమామ చెప్పాడు. చిన్నది మాత్రం వేరేగా చెప్పింది. "అవ్వా, కింద నది నడస్తానే ఉండాది, సప్పుడు మాత్రం పైకి రాలా." ఆ రాత్రి అవ్వ నా వెనక సీట్లో పడుకుని ఆ మాటే మళ్ళీ మళ్ళీ అనుకుంది.

పెద్దాయన పోయాక తాళాలు మనవడి చేతికొచ్చాయి. స్నేహితులతో కైలాసకోనకు తీసుకుపోయాడు. మండే మే నెల. రేడియేటరులో నీళ్ళు చూడలేదు. ఫ్యాన్ బెల్టు వదులైందని నేను కీచుమంటూనే ఉన్నాను, పాటలు పెద్దగా పెట్టుకున్నారు. వేడి ముల్లు ఎర్రగీత దాటింది. నారాయణవనం దాటాక ఆవిరి కక్కి ఆగిపోయాను. అప్పుడైనా ఆగి ఉంటే సరిపోయేది. పెద్దాయన అయితే బానెట్ ఎత్తి, నీడన కూర్చుని, చెయ్యి పెడితే కాలనంత దాకా మూత తీసేవారు కాదు. ఈ పిల్లలు పక్క బోరుబావి నుంచి చన్నీళ్ళు తెచ్చి గబగబా పోశారు. పోత ఇనుము అది. కాగి ఉన్నప్పుడు చన్నీళ్ళు తగిలితే పగులుతుంది. హెడ్డు పగిలింది. లోపల టక్కుమన్న శబ్దం నాకు తెలిసింది, వాళ్ళకు తెలియలేదు.

లారీ వెనక కట్టి ఇంటికి తెచ్చారు. మెకానిక్కు చూసి ఖర్చు చెప్పాడు. "ఆ డబ్బుతో కొత్త కారుకు అడ్వాన్సు కట్టొచ్చు కదా" అన్నారు ఎవరో. నన్ను వేపచెట్టు కిందికి తోశారు. తోసిన వాళ్ళలో పుత్తూరులో కట్టు కట్టించుకున్న చిన్నోడు కూడా ఉన్నాడు.

కారు పాడయ్యేది నడిచినందుకు అనుకుంటారు. నిలిపినందుకు. నెలకోసారి ఇంజను తిప్పకపోతే లోపలి నూనె కిందికి జారిపోయి సిలిండరు గోడలు తుప్పు పడతాయి. ట్యాంకులో మిగిలిన పెట్రోలు జిగురవుతుంది. నా మీద ప్లాస్టిక్ పట్టా కప్పి తాళ్ళు బిగించారు, ప్రేమతోనే కప్పారు, నేను కాదనను. కాని దాని కింద చెమ్మ బయటికి పోయే దారి లేదు. తలుపుల అడుగున నీళ్ళు పోవడానికి చిన్న రంధ్రాలుంటాయి. వేపాకు వాటిలో ఇరుక్కుంది. వానాకాలం వానాకాలం తలుపుల్లోనే నీళ్ళు నిలిచాయి. 2015 డిసెంబరులో మా తిరునిన్రవూరు చెరువు నిండి వీధులు మునిగినప్పుడు సీటు దాకా బురద వచ్చింది. ఇంట్లో ఫ్రిజ్జునూ బీరువానూ మంచాల మీదికి ఎత్తుకున్నారు. నీళ్ళు తీశాక ఇల్లంతా కడిగారు. నా తలుపు మాత్రం ఎవరూ తెరవలేదు. అవ్వ నులకమంచం మీద నుంచి, "ఆ బండి తలుపులన్నా తీసి పెట్టండ్రా, గాలి తగలనీండి" అంది. వింటున్నట్టు తలూపారు. ఆ చలికాలంలోనే ఆమె కూడా పోయింది.

ఉత్తరపారాలో మా తయారీ 2014 మేలోనే ఆగిపోయింది. టీవీలో ఆ వార్త వచ్చిన రోజు మనవడు నా పక్కన నిలబడి ఫోటో తీసుకున్నాడు. పట్టా తీసింది ఆ ఫోటో కోసమే.

ఈ ఊళ్ళో హృదయాలీశ్వరుడి గుడి ఉంది. పూసలార్ నాయనారు కథ అక్కడిదే. గుడి కట్టడానికి డబ్బు లేక, ఆయన మనసులోనే పునాది తీసి, రాయి మీద రాయి పెట్టి, మంచి రోజు చూసి ప్రతిష్ఠ పెట్టుకున్నాడు. కంచిలో పల్లవరాజు నిజంగా కట్టిన గుడికి అదే రోజు ముహూర్తం. శివుడు రాజు కలలో కనిపించి, నీది ఇంకోనాడు పెట్టుకో, ముందు పూసలారు గుడికి పోవాలి అన్నాడట. అవ్వ ఈ కథను నా ముందు సీట్లో కూర్చుని పిల్లలకు చెప్పేది. కదలడం మానేశాక నేను ఆ గండిని అలాగే కట్టుకున్నాను. పలక మీద పలక, ఎరుపు మీద ఎరుపు. చిన్నదాని మాటను అడుగున పారించాను.

పెన్న నీళ్ళు మాత్రం నా దగ్గరికి వచ్చాయి. ఇది మనసులో కట్టుకున్నది కాదు. గండికోట దాటిన పెన్న మైలవరం జలాశయం మీదుగా, కడప జిల్లా పొడవునా పారి, నెల్లూరు వైపు సోమశిల జలాశయంలో నిలుస్తుంది. తెలుగుగంగ కాలువలో శ్రీశైలం నుంచి వచ్చే కృష్ణనీళ్ళు కూడా అక్కడే చేరి, కండలేరు మీదుగా ఊత్తుకోట దగ్గర సరిహద్దు దాటి పూండికి వస్తాయి. 1983లో ఒప్పందమైతే 1996లో మొదటిసారి నీళ్ళొచ్చాయి. పెద్దాయన ఆ ఏడు నన్ను పూండికి తోలుకుపోయి, కట్ట మీద నిలిపి, అందరినీ దించారు. "కృష్ణ అంటున్నారు గాని, ఇందులో మన పెన్న కూడా ఉండాది" అన్నారు. కట్ట మీద నుంచి ఆ నీళ్ళను నేనూ చూశాను.

మొన్న తిరువళ్ళూరు నుంచి పాతసామాన్ల వ్యాపారి వచ్చి కిలోల లెక్కన ధర చెప్పి పోయాడు. ఇంట్లో ఒప్పుకున్నారు. గండికోట పోవడానికి ఇప్పుడు వాళ్ళకు వేరే కారుంది. రాత్రి పదింటికి బయల్దేరి పిల్లలు నిద్రలేచే లోపు చేరుకుంటారు. ముక్కుకొండ ఎక్కడొస్తుందో ఆ పిల్లలకు తెలియదు. చిన్నది పూణె నుంచి ఫోన్ చేసి, "దాన్ని అమ్మొద్దు నాయనా" అందట. పెట్టుకోవడానికి చోటేది అన్నారట.

నా అడుగు తుప్పుకు పోయింది, తలుపులు పోయాయి, హెడ్డు సంగతి చెప్పాను. గేరుబాక్సు మాత్రం బాగుంది. నూనె ఉండగానే నన్ను నిలిపారు, పళ్ళు అరగలేదు. తిరుత్తణి స్టాండులో ఒక అంబాసిడర్ ఇంకా బాడుగకు తిరుగుతోందని, దానికి రెండో గేరు నిలవడం లేదని, సామాను దొరక్క వెతుకుతున్నారని ఆ వ్యాపారే అంటుంటే విన్నాను. గ్యాసు కట్టరు పెట్టే ముందు బోల్టులు విప్పి గేరుబాక్సును విడిగా దించమని అతనికి ఎవరైనా చెప్పాలి.